పోలీసులు ఇంటికొస్తే ఏం చేయాలి: తలుపు దగ్గర, స్టేషన్ దగ్గర, ఆ తర్వాత కోర్టు దాకా

అర్ధరాత్రి పోలీసులు ఇంటి మీదకి వస్తే ఆత్మరక్షణ హక్కు కింద ఎదురు తిరగొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. దానికి దొరికే సలహా కూడా ఎక్కువగా "మీ ఇల్లు మీ ఇష్టం, వారెంట్ లేకపోతే అడుగు పెట్టనివ్వకండి" అన్న రకంగానే ఉంటుంది. ఆ మాట నమ్మి తలుపుకి అడ్డం నిలబడి, కాస్త తోపులాట జరిగిందంటే, పోలీసులు వచ్చిన అసలు కేసు రేపు కోర్టులో కొట్టేసినా, పోలీసుల మీద చెయ్యి చేసుకున్నాడన్న కేసు మాత్రం మెడకి చుట్టుకుంటుంది. అందుకే మొదటే చెప్తున్నాను, పోలీసులు గుమ్మంలో ఉన్నప్పుడు మీ చేతిలో ఉన్న బలం చాలా తక్కువ, వాళ్లు వెళ్లిపోయాక కాగితం మీద మీకు ఉండే బలం చాలా ఎక్కువ. ఆ రాత్రి మీరు చేయాల్సిందల్లా ఆ రెండోదానికి కావాల్సిన ఆధారాలు పోగేసుకోవడమే.

ఇంకో మాట. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), అరెస్టు, సోదా, కోర్టు పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చాయి. పోలీసుల ముందు హాజరు కమ్మని ఇచ్చే, అందరికీ నోటికొచ్చిన 41ఏ నోటీసు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు. స్టేషన్లలో, లాయర్ల నోట్లో ఇంకా పాత నంబర్లే వినబడతాయి కాబట్టి కంగారు పడకండి, విషయం చాలావరకు అదే.

ముందు ఆత్మరక్షణ సంగతి

బీఎన్‌ఎస్‌లో 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ ఆత్మరక్షణ గురించే. చీకటి పడ్డాక ఎవడైనా ఇంటి తలుపు పగలగొట్టి లోపలికి చొరబడితే 41వ సెక్షన్ మీకు చాలా పెద్ద హక్కే ఇస్తుంది, అవసరమైతే వాడి ప్రాణం పోయినా తప్పు కాదనేంత దాకా. జనం ఇక్కడి వరకే చదివి ఆగిపోతారు. ముందుగా చదవాల్సింది 37వ సెక్షన్. పోలీసు లాంటి ప్రభుత్వ ఉద్యోగి తన ఉద్యోగం పేరుతో, సదుద్దేశంతో చేసే పని చట్టప్రకారం పూర్తిగా సరైంది కాకపోయినా సరే, దానివల్ల మీకు ప్రాణభయమో తీవ్రగాయం అవుతుందన్న సహేతుకమైన భయమో లేనంతవరకు, ఆ పని మీద మీకు ఆత్మరక్షణ హక్కు లేదని ఆ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది. అంటే వారెంట్‌లో అడ్రస్ తప్పు పడింది, సోదాకి కారణం రాయలేదు, అయినా మీరు చెయ్యెత్తకూడదు. ఆ తప్పులన్నీ కోర్టులో వాడుకునేవి, గుమ్మంలో కాదు.

మరి హక్కు అసలే లేదా అంటే ఉంది, రెండు సందర్భాల్లో. ఒకటి, నిజంగానే ప్రాణం పోయేలా, ఎముకలు విరిగేలా కొడుతున్నప్పుడు కాపాడుకోవడం. రెండోది, వచ్చినవాళ్లు పోలీసులని మీకు తెలియనప్పుడు, తెలుసుకునే అవకాశం కూడా లేనప్పుడు. మఫ్టీలో నలుగురు వచ్చి ఏ పేరూ చెప్పకుండా మనిషిని కారులోకి లాగుతుంటే ఇంటివాళ్లు అడ్డుపడటం సహజం, 37 కింద ఇచ్చిన వివరణ సరిగ్గా ఆ పరిస్థితి కోసమే. కానీ ఈ రెండు సందర్భాల్లోనూ కాపాడుకోవడానికి అవసరమైనదానికి మించి కొట్టే హక్కు ఉండదు, పైగా అది ఆత్మరక్షణే అని కోర్టులో చూపించుకోవాల్సిన బాధ్యత కూడా మీదే. ఈలోపు మీ మీద పడే సెక్షన్లు చూడండి. విధులకి అడ్డుపడితే 221 కింద 3 నెలల దాకా, పోలీసు మీద బలప్రయోగం చేస్తే 132 కింద 2 ఏళ్ల దాకా, గాయపరిస్తే 121 కింద 5 ఏళ్ల దాకా, తీవ్రగాయమైతే 10 ఏళ్ల దాకా జైలు. అందుకని తలుపు తీసేటప్పుడు చేతిలో కర్ర, కత్తి, కారప్పొడి, ఏదీ ఉండకూడదు. లైసెన్స్ తుపాకీ ఉన్న ఇల్లయితే దాని దగ్గరికే వెళ్లకండి. చీకట్లో మీ చేతిలో ఏముందో ఎదుటివాడికి కనబడదు, భయం ఇద్దరికీ ఉంటుంది.

1. తలుపు తీయకముందు

లైట్లు అన్నీ వేయండి. లోపలి నుంచే గట్టిగా, మర్యాదగా అడగండి: "ఎవరండీ? ఏ స్టేషన్ నుంచి వచ్చారు సార్? ఏ కేసు?" క్రైమ్ నంబర్ అడగండి, వచ్చిన ఎస్‌ఐ లేదా సీఐ పేరు అడగండి. కిటికీలోంచో, గొలుసు వేసిన తలుపు సందులోంచో ఐడీ కార్డు చూపించమనండి. అనుమానంగా ఉంటే 112కి ఫోన్ చేసి, మా ఇంటికి ఫలానా స్టేషన్ వాళ్లమని వచ్చారు, నిజమేనా అని అడగండి. ఇది రెండు రకాలుగా పనికొస్తుంది. పోలీసు వేషంలో దోచుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి అది తేలుతుంది, వచ్చింది నిజం పోలీసులే అయితే ఫలానా టైముకి ఫలానా చోట పోలీసులు ఉన్నారని ఒక కాల్ రికార్డు మిగులుతుంది. తర్వాత "మేమసలు వాళ్లింటికి వెళ్లనే లేదు" అనే మాట వచ్చినప్పుడు ఆ కాల్ ఎంత విలువైందో అప్పుడు తెలుస్తుంది. దాంతో పాటే పక్కింటివాళ్లకి, ఒక బంధువుకి, తెలిసిన లాయర్ ఉంటే ఆయనకి ఒక్క మెసేజ్ పెట్టేయండి.

వాళ్లు ఎవరో, ఎందుకొచ్చారో చెప్పి లోపలికి రానివ్వమన్నాక తలుపు తీయాలి. అరెస్టు చేయాల్సిన మనిషి లోపల ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ 44వ సెక్షన్ కింద (ఇక్కడి నుంచి వేరే చట్టం పేరు చెప్పకపోతే సెక్షన్ బీఎన్‌ఎస్‌ఎస్‌ది అనుకోండి), సెర్చ్ వారెంట్ ఉంటే 103 కింద, ఇంట్లోవాళ్లు రానివ్వకపోతే తలుపు పగలగొట్టే అధికారం వాళ్లకి ఉంది. వారెంట్ ఉంటే చూపించమని అడిగి మొత్తం చదవండి, ఫోటో తీసుకోనివ్వమని అడగండి. వారెంట్ లేకపోతే గొడవ పడకుండా ఒక్క వాక్యం స్పష్టంగా చెప్పండి: "సార్, నేను ఈ సోదాకి ఒప్పుకోవట్లేదు, కానీ మిమ్మల్ని అడ్డుకోను." వీడియో తీస్తుంటే ఆ మాట వీడియోలో పడేలా చెప్పండి.

2. సోదా జరుగుతున్నంతసేపూ

వారెంట్ లేకుండా సోదా చేసే అధికారం 185వ సెక్షన్ ఇస్తుంది, కాకపోతే ఊరికే ఇవ్వలేదు. స్టేషన్ ఇన్‌చార్జ్ గానీ దర్యాప్తు అధికారి గానీ, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో, అది ఇక్కడే ఉందని ఎందుకు అనుకుంటున్నారో, వారెంట్ తెచ్చేదాకా ఎందుకు ఆగలేరో కేసు డైరీలో ముందే రాసుకోవాలి. ఆ రాసినదాని కాపీ 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి చేరాలి. ఇల్లుగలవాళ్లు అప్లికేషన్ పెట్టుకుంటే ఆ కాపీ మేజిస్ట్రేట్ ఉచితంగా ఇవ్వాలి. ఈ అప్లికేషన్ దాదాపుగా ఎవరూ పెట్టరు, నాకు దీని గురించి చాలా బాధ. ఆ కాగితం లేకపోయినా, ఆలస్యంగా వెళ్లినా, మీ లాయర్ చేతికి దొరికే మొదటి ఆయుధం అదే.

సోదా మొత్తాన్ని పోలీసులే వీడియో తీయాలని 105వ సెక్షన్ చెప్తోంది, ఇది కొత్త చట్టంతో వచ్చిన మంచి మార్పు. సామాన్ల జాబితా రాసి సాక్షుల చేత సంతకాలు పెట్టించడం కూడా ఆ రికార్డింగ్‌లో ఉండాలి. "వీడియో తీస్తున్నారా సార్?" అని అడగండి. మీ ఇంట్లో మీరు ఫోన్‌తో వీడియో తీయకూడదని కూడా ఏ చట్టమూ చెప్పట్లేదు, కానీ ఫోన్ పక్కన పెట్టమని గద్దిస్తే పెనుగులాడొద్దు. ఎవరు ఏ గదిలోకి వెళ్లారో, ఏం తీశారో గుర్తుపెట్టుకోండి. సోదా దగ్గర ఉండి చూసే హక్కు ఇంటివాళ్లకి ఉంది, అందరినీ ఒక గదిలో పెట్టి గడియ పెడితే అది తప్పు, ఆ సంగతి కూడా తర్వాత రాయాలి. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది తలో గది దగ్గర నిలబడటం మేలు, బీరువా తెరిచేటప్పుడు మాత్రం తప్పకుండా ఒకరు ఉండాలి.

ఆడవాళ్ల ఒంటిమీద సోదా చేయాల్సొస్తే మహిళే చేయాలి, మర్యాద తప్పకుండా చేయాలి. గంజాయి, డ్రగ్స్ కేసయితే ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒంటిని సోదా చేసే ముందు గెజిటెడ్ ఆఫీసర్ లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయించుకునే హక్కు ఉందని వాళ్లే మీకు చెప్పాలి.

ఇక పంచులు, అంటే సోదాకి సాక్షులు. సోదాకి ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు స్వతంత్ర సాక్షులు కావాలి. పోలీసులు తమ వెంట తెచ్చుకున్న మనిషిని చూపించి ఇతనే సాక్షి అంటే, "మా పక్కింటాయన్ని పిలవనివ్వండి సార్" అని అడగండి. ఇక్కడ పక్కింటివాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. మనకెందుకొచ్చిన గొడవ అని తలుపేసుకునేది మీరే అయితే, రేపు మీ ఇంట్లో సోదా జరిగినప్పుడు పక్కింటి తలుపు కూడా మూసే ఉంటుంది. రాతపూర్వకంగా పిలిస్తే సరైన కారణం లేకుండా రాననడం నేరం కూడా. మీరు సాక్షిగా నిలబడితే జరిగింది జరిగినట్టు కాగితం మీదకి వస్తుంది, అది అవతలివాళ్లకి చేసే గొప్ప సాయం.

చివర్లో రాసే పంచనామా, మన కోర్టుల్లో మధ్యవర్తుల నామా అంటారు, అది పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి. తీసుకెళ్లే ప్రతి వస్తువూ అందులో ఉండాలి, బంగారమైతే బరువు, డబ్బయితే నోట్ల లెక్క. తెల్లకాగితం మీద, ఖాళీలు వదిలిన ఫారం మీద ఎంత ఒత్తిడి చేసినా సంతకం వద్దు. రాసింది తప్పుగా ఉంటే ఆ పక్కనే "నేను ఒప్పుకోవట్లేదు" అని రాసి తేదీ, టైము వేయండి. జాబితా కాపీ మీకివ్వాలి, అడిగి తీసుకోండి.

ఒక చేదు నిజం కూడా తెలుసుకోవాలి. సోదా అక్రమంగా జరిగినంత మాత్రాన అందులో దొరికింది చెల్లదని మన కోర్టులు అనవు, 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. కాబట్టి "వారెంట్ లేదుగా, కేసే ఉండదు" అనుకుని ధీమాగా కూర్చోవద్దు. కానీ దొరికిందన్న వస్తువు నిజంగా దొరికిందా, తెచ్చి పెట్టిందా అన్న అనుమానం పుట్టించేవి మాత్రం లేని వీడియో, దొంగ సాక్షులు, ఆలస్యంగా కోర్టుకి చేరిన కాగితాలే.

కార్డన్ సెర్చ్ సంగతి వేరేగా చెప్పాలి. హైదరాబాద్‌లో, తెలంగాణ జిల్లాల్లో, ఆంధ్రాలో కూడా బస్తీలని చుట్టుముట్టి ఇంటింటికీ తిరిగి ఆధార్, బండి కాగితాలు అడగడం ఏళ్లుగా నడుస్తోంది. ఎక్కువగా ఇది పేదల బస్తీల్లోనే ఎందుకు జరుగుతుందన్న ప్రశ్న అడగాల్సిందే. ఆ పేరుతో బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ ఏదీ లేదు. రాత్రిపూట ఇళ్లకొచ్చి నిఘా పేరుతో తట్టిలేపడం వ్యక్తి స్వేచ్ఛకి విరుద్ధమని సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్‌సింగ్ కేసులో చెప్పింది. బండి కాగితాలు చూపించండి, అందులో నష్టం లేదు. గదుల్లోకి వస్తామంటే పైన చెప్పిన వాక్యమే చెప్పండి: ఒప్పుకోవట్లేదు, అడ్డుకోను.

3. ఫోన్ అడిగితే

కేసుకి సంబంధం ఉందని ఫోన్ తీసుకెళ్లొచ్చు, కానీ జాబితాలో మోడల్, ఐఎంఈఐ నంబర్ రాయించండి, మీ ముందే స్విచాఫ్ చేసి సీల్ చేయమని అడగండి. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్నదాని మీద కోర్టులు ఇంకా ఒక్క మాట మీద లేవు. ఆ రాత్రి "లాయర్‌తో మాట్లాడి చెప్తాను సార్" అనడం చాలు.

4. మనిషిని తీసుకెళ్తామంటే

ముందు అడగాల్సింది: "ఇది అరెస్టా, నోటీసా?" 7 ఏళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో అరెస్టు మామూలు పద్ధతి కాకూడదని, ముందు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. 3 ఏళ్ల లోపు శిక్ష ఉన్న కేసులో మనిషి 60 దాటినవాడో, అనారోగ్యంతో ఉన్నవాడో అయితే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు.

అరెస్టే అయితే, చేసే అధికారి పేరు కనబడేలా ఉండాలి, అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంట్లోవాళ్లో, ఆ ఏరియాలో పెద్దమనిషో సాక్షిగా సంతకం పెట్టాలి, కారణాలు చెప్పాలి, ఆ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు వరసగా తీర్పులిచ్చింది. ఏ స్టేషన్‌కి తీసుకెళ్తున్నారో ఇంట్లోవాళ్లకి చెప్పాలి. ఆడవాళ్లని పొద్దుగుంకాక, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కూడా ఉండాలి.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంకొకటి. కొడుకు దొరకలేదని తండ్రిని, భర్త దొరకలేదని భార్యని తీసుకెళ్లి "వాడొచ్చేదాకా ఇక్కడే కూర్చో" అనడం. దీనికి ఏ సెక్షన్ కిందా ఆధారం లేదు. నిందితుడి బంధువు కావడం నేరం కాదు. సాక్షిగా విచారించాలంటే 179 కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, ఆడవాళ్లని, 60 దాటిన పెద్దల్ని, 15 ఏళ్ల లోపు పిల్లల్ని, వికలాంగుల్ని, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లని ఇంటి దగ్గరే విచారించాలి తప్ప స్టేషన్‌కి రమ్మనే హక్కు లేదు. "మా అమ్మకి 65 సార్, 179 ప్రకారం ఇక్కడే అడగండి, మేమంతా సహకరిస్తాం" అని మర్యాదగా చెప్పండి. వినకుండా తీసుకెళ్తే వెంటనే ఐదో అడుగులోకి వెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

5. మొదటి 24 గంటలు

ప్రయాణం టైము తీసేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అసలు అరెస్టు చూపించకుండా రెండు మూడు రోజులు ఉంచేసి, తర్వాత ఈరోజే పట్టుకున్నామని రాయడం తరచూ వినే ఆరోపణే. అందుకే ఇంట్లోవాళ్లు టైముతో సహా ఒక కాగితం సృష్టించాలి. ఆ రాత్రే ఎస్పీకి లేదా కమిషనర్‌కి ఈమెయిల్, వాట్సాప్ పెట్టండి: ఫలానా మనిషిని ఫలానా టైముకి ఫలానా బండిలో తీసుకెళ్లారు, ఎక్కడున్నాడో చెప్పలేదు. బండి నంబర్, వచ్చినవాళ్ల పేర్లు తెలిస్తే రాయండి. పొద్దున్నే అదే కాగితం రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచండి. ప్రతి జిల్లా కంట్రోల్ రూంలో అరెస్టయినవాళ్ల వివరాలు ఉండాలని 37వ సెక్షన్ బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంది, అక్కడ అడగండి.

లాయర్‌కి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ని ఇస్తుంది. విచారణ జరుగుతున్నప్పుడు లాయర్‌ని కలిసే హక్కు ఉంది, అంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదు. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్, వేయాలి. మరీ అత్యవసరమైతే సెలవు రోజైనా హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే అత్యవసరంగా విచారించమని అడగడం) వేయొచ్చు, లాయర్‌ని ఆ మాటతోనే అడగండి. అక్రమంగా ఉంచేశారని తెలిస్తే 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కూడా వెతికించే ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఇది దగ్గర్లోనే అయ్యే పని.

6. మేజిస్ట్రేట్ ముందు

అరెస్టు తర్వాత డాక్టర్ పరీక్ష జరగాలి, ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి ఇవ్వాలి. డాక్టర్ దగ్గర పోలీసు పక్కనే నిలబడి ఉన్నా సరే, ఎక్కడ కొట్టారో ఒక్కొక్కటీ చెప్పి రాయించుకోవాలి. తర్వాత మేజిస్ట్రేట్ అడుగుతారు: పోలీసులు ఏమైనా కొట్టారా? చాలామంది ఇక్కడే లేదండీ అనేస్తారు, ఎందుకంటే దారిలో బెదిరించి ఉంటారు, మళ్లీ కస్టడీకి ఇస్తారన్న భయం ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా ఒక్కసారి లేదన్నాక, ఆరు నెలల తర్వాత కొట్టారంటే నమ్మించడం చాలా కష్టం. ఒక్క నిమిషం ధైర్యం చేసి దెబ్బలు చూపించి, రిమాండ్ ఉత్తర్వులో రాయమని అడగాలి. ఇంట్లోవాళ్లు ఆ రోజు కోర్టులో కనబడేలా నిలబడితే ఆ ధైర్యం వస్తుంది.

అరెస్టు చూపించకుండా కొట్టి పంపించేస్తే, నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించండి. ప్రైవేట్ డాక్టర్ చీటీ కంటే దానికే బలం. దెబ్బల ఫోటోలు రెండో రోజు, మూడో రోజు కూడా తీయండి, కమిలిన మచ్చలు అప్పుడే బాగా తేలతాయి.

7. జవాబుదారీతనం అడగడం

మొదటి వారంలో చేయాల్సిన పని సీసీటీవీ. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని, ఫుటేజ్ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాదైనా దాచాలని చెప్పింది. ఫలానా తేదీ, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా ఫుటేజ్ భద్రపరచమని స్టేషన్‌కి, ఎస్పీకి లెటర్ రాయండి, దాంతో పాటే సమాచార హక్కు కింద ఫుటేజ్, ఆ రోజు జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) అడగండి. కెమెరా పనిచేయట్లేదని జవాబొచ్చినా సరే, ఆ జవాబే రేపు కోర్టులో పనికొస్తుంది. మీ వీధిలో షాపుల కెమెరాలు మాత్రం కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి, వాటిని ముందే కాపీ చేయించుకోండి.

తర్వాత కంప్లైంట్. దర్యాప్తు పద్ధతికి సంబంధించిన చట్టాన్ని తెలిసి తెలిసి ఉల్లంఘించిన ఉద్యోగి మీద బీఎన్‌ఎస్ 199 కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. ఒప్పుకోలు కోసం కొడితే అదే చట్టం 120 కింద 7 ఏళ్ల దాకా. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ తీసుకోరు, తీసుకోరని ముందే తెలుసు, అయినా ఇచ్చి చూడండి. తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి. ఈ మెట్లు దాటకుండా నేరుగా కోర్టుకి వెళ్తే పిటిషన్ అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ప్రతి మెట్టు రసీదూ దాచండి. ప్రభుత్వ ఉద్యోగి మీద కేసు కాబట్టి పైఅధికారి రిపోర్టు తెప్పించుకోవడం, 218 కింద ప్రభుత్వ అనుమతి అనే అడ్డంకులు వస్తాయి. అనుమతి అడిగిన 120 రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని కొత్త చట్టం చెప్తోంది, ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

దీనికి సమాంతరంగా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కో, జాతీయ కమిషన్‌కో రాయొచ్చు, లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. రెండు చోట్లా ఒకేసారి పెట్టకండి, రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. నష్టపరిహారం కావాలంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు, 1983లో రుదుల్ షా, 1993లో నీలబతి బెహరా తీర్పులు ఆ దారి తెరిచాయి. కమిషన్‌కి మాత్రం ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేరాలి, ఆ గడువు దాటితే వాళ్లు విచారణకి తీసుకోలేరు.